పెదవి మూలలు పగిలిన పురుడు

మా అమ్మాయి తన కూతురికి ఒక్క ముద్దు కూడా పెట్టడం లేదన్న సంగతి ఒక ఉదయం నా కంట పడింది. పాలిస్తోంది, గుడ్డలు మారుస్తోంది, ఏడిస్తే భుజాన వేసుకుని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతోంది. అన్నీ చేస్తోంది గాని మొహం మాత్రం పక్కకి తిప్పుకుంటోంది. పిల్ల పాలు తాగడం ఆపి తల్లి మొహంకేసి చూస్తుంటే, తల్లి కిటికీకేసి చూస్తోంది. ముక్కూ మూతీ కప్పేలా పల్చటి తువ్వాలు ఒకటి కట్టుకుంది. ఆ తువ్వాలు కింద దాని నోటి మూలలు రెండూ పగిలి పుళ్ళు పడి ఉన్నాయి.

ఆసుపత్రిలో బిడ్డని పక్కన పడుకోబెట్టగానే, అంత నొప్పిలోనూ నవ్వి, "అమ్మా, దీని బుగ్గలు సూడు" అన్న పిల్ల ఇది. నెల తిరక్కుండా ఇలా అయిపోయింది. నాకు భయం వేసింది. నాకు భయం వేస్తే అది కోపంగా బయటికొస్తుంది. మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే.

"ఆ గుడ్డ తియ్యి ముందు. నీ బిడ్డకి నువ్వు ముద్దెట్టుకోడానికి ఎవరి పర్మిషన్ కావాలే?" అన్నాను.

"మామ్మ వద్దంది కదమ్మా," అంది. తువ్వాలు తియ్యలేదు.

మామ్మ అంటే మా అత్తగారు. ఎనభై దాటిన మనిషి. చీడికాడ పక్క పల్లెలో చెరుకూ వరీ పండించే ఇంట్లో కాపురం చేసి, మామగారు పోయాక అనకాపల్లిలో మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ రెండు చీరల మూటతో పాటు పురుటి గది మీద సర్వాధికారాలూ వెంట తెచ్చుకుంది. మా వీధిలో ఎవరింట పురుడొచ్చినా ముందు ఆవిడనే అడుగుతారు. ఏ కూర పెట్టొచ్చు, ఏది పెడితే పిల్లకి జలుబు చేస్తుంది, బాలింత ఎప్పుడు గడప దాటాలి, అన్నిటికీ ఆవిడ మాటే. ఇక సొంత మనవరాలి పురుడంటే చెప్పాలా. నేను వీధివైపు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రస్సులు కుడతాను. ఆ గది వరకు నాది, లోపలంతా ఆవిడది. ఇన్నేళ్ళుగా ఆ గడప మీద నిలబడి ఇద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం, ఒకరు వండింది ఒకరం తింటూనే ఉన్నాం.

ఆవిడకు పళ్ళన్నీ ఎప్పుడో ఊడిపోయాయి. కట్టుడు పళ్ళు పెట్టిస్తామంటే, "సచ్చేముందు ఆ సోకులు నాకెందుకు" అని కొట్టిపారేసింది. పళ్ళు లేక దవడలు దగ్గరకొచ్చి, నోటి మూలలు రెండూ లోతుగా ముడతలు పడ్డాయి. అక్కడెప్పుడూ కాస్త తడి ఊరుతూ ఉంటుంది. నిమిషానికోసారి పైటకొంగుతో ఒత్తుకోవడం ఆవిడకి అలవాటు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆవిడ ముద్దులు పెట్టే మనిషి కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు చూశాను గదా, ఎత్తుకునేది, ఆడించేది, కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసేది. అంతా అయ్యాక పిల్ల మొహం చుట్టూ చేతులు తిప్పి, తన కణతల మీద మెటికలు విరిచి ఊరుకునేది. మా ఆయన్ని అడిగితే, "మాయమ్మకి ముద్దులేటి" అని నవ్వేవాడు. రాతిగుండె అనుకుని నేనూ వదిలేశాను.

పురుడైన కొత్తలో పత్యం అందరిళ్ళల్లో లాగే మొదలైంది. పాతబియ్యం అన్నం, శొంఠీ మిరియాలూ దంచి చేసే కాయం ముద్ద, వెల్లుల్లి కారం. రాంబిల్లి నుంచి చేపల బుట్టతో మా వీధికొచ్చే ఆవిడకి అత్తగారు ముందే చెప్పి పెట్టింది. పాలసొర చేప దొరికిన రోజున ఆవిడ మిగతా వీధులు వదిలేసి మా గుమ్మంలోకే వచ్చి బుట్ట దించేది. "బాలింతకి పాలు పడాలంటే ఇదే మందు," అని ఒకరికొకరు చెప్పుకుని ఇద్దరూ తలలూపేవారు. మా అమ్మాయి కూడా ముళ్ళు తీసి పొడిపొడిగా వేయించిన సొర పుట్టు ఇష్టంగానే తినేది. నీళ్ళు మాత్రం లెక్కగా. చల్లటివి అసలు వద్దు, వేడివైనా గొంతు తడిసేంతే. ఎక్కువ తాగితే ఒంటికి నీరు పడుతుందని అత్తగారి సిద్ధాంతం. పొట్ట పెరుగుతుందని కూడా అనేది.

కార్తీకం వెళ్ళి చలి ముదిరిన రోజులవి. బెల్లం బళ్ళు, లారీలు మార్కెట్టుకు తిరుగుతున్నాయి, వీధంతా బెల్లం వాసన. ఒకరోజు పొద్దున్న మా అమ్మాయి ఆవులిస్తూ "అబ్బా" అని ఆగిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే నోటి మూలల్లో చర్మం నీళ్ళల్లో నానినట్టు తెల్లగా మెత్తబడి ఉంది. మర్నాటికి ఎర్రగా చీలింది. ఆ తర్వాత చీలిక మీద పసుప్పచ్చటి పక్కు కట్టింది. నోరు తెరిస్తే పక్కు పగిలి కాస్త నెత్తురు, మూస్తే మంట. ఊరికే నాలికతో తడుపుకునేది. తడిపిన క్షణం హాయిగా ఉండేదట, ఆరగానే ఇంకా మండేదట, మళ్ళీ తడుపుకునేది.

ఇంట్లో ఉన్నవాళ్ళు తలో మాటా అన్నారు. మా ఆయన, "సలికి పగిలుంటాది, కొబ్బరినూనె రాయండి" అన్నాడు. మా అమ్మాయి ఫోన్లో చూసి పెదాలకు రాసుకునే స్ట్రాబెర్రీ వాసన క్రీమొకటి తెప్పించుకుంది. తియ్యగా ఉందని అది కూడా నాకేసింది. మా అత్తగారు మాత్రం మూలల్ని వెలుతురుకి తిప్పి చూసి, తీర్పు చెప్పినట్టు చెప్పింది.

"వేడి సేసింది. ఒల్లంతా వేడెక్కిపోనాది. రేపట్నుంచి సొర ఆపీయండి."

సొర ఆగిపోయింది. గుడ్డు మొదటి నుంచీ లేదు. ఆకుకూర పెడితే పిల్లకి విరేచనాలని అదీ లేదు. వెల్లుల్లి కూడా వేడేనని తగ్గించింది. చివరికి కంచంలో మిగిలింది అన్నం, కాస్త నెయ్యి, ఇంత బీరకాయ. పుండు మీద వెన్న రాసేది పాపం, ప్రేమగానే రాసేది. రాసినప్పుడు మా అమ్మాయి కళ్ళు మూసుకుని హమ్మయ్య అనుకునేది. గంట తిరిగేసరికి అక్కడ జిడ్డూ తడీ కలిసి చర్మం ఇంకా నానిపోయేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా ఇంట్లో నోటికి మందేస్తే ఉన్న తిండి పోయింది. ముద్ద పెద్దదైతే నోరు పట్టదు, చిన్న ముద్దలు తినేసరికి ఓపిక పోతుంది, సగం కంచం వదిలేసేది. మొహం పాలిపోయింది. మంచం దిగి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయనేది. బాలింత నీరసం అని అందరం దానికో పేరు పెట్టుకున్నాం.

ముద్దుల మీద నిషేధం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. నేను వీధి గదిలో కత్తిరిస్తున్నాను. లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ మాట మాత్రం చాలా నెమ్మదిగా అంది.

"ఓలమ్మా, ఆ నోరు మానేదాకా బిడ్డకి ముద్దెట్టకు. మొకం దగ్గరెట్టకు. అంటుకుంటాది."

అలాంటివి ఆవిడ వెయ్యి చెబుతుంది, మా అమ్మాయి సగం వింటుంది. ఇది కూడా అలాగే పోతుందనుకున్నాను. కానీ మా అమ్మాయి ఫోన్లో వెతికింది. నోటి పుళ్ళు ఉన్నవాళ్ళు పసిపిల్లని ముద్దు పెట్టుకుంటే పిల్ల ప్రాణాలకే ప్రమాదమని అక్కడ రాసుందట. మా ఇంట్లో ఫోనూ అత్తగారూ ఒకే మాట చెప్పడం అదే మొదటిసారి. ఆ రెండూ ఏకమైతే ఇక నా మాట ఎవరు వింటారు. మొదట ముద్దులు మానేసింది. తర్వాత తువ్వాలు కట్టింది. తర్వాత పాలు పట్టగానే పిల్లని నాకిచ్చేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలెట్టింది.

"కాసేపు ఎత్తుకోవే," అంటే, "వద్దమ్మా, మర్చిపోయి ముద్దెట్టేస్తానేమో" అంది. అలా అంటూ ఏడ్చింది. ఏడిస్తే నోరు సాగి పుండు పగిలింది. పిల్ల నా భుజం మీద, తల్లి మంచం మీద, ఇద్దరి ఏడుపూ వింటూ నేను మధ్యలో నిలబడ్డాను. పుండుకేముంది, ఇవాళ కాకపోతే రేపు మానుతుంది. ఈ తల్లీపిల్లల మధ్య గోడ లేస్తే దాన్ని ఎవరు పడగొడతారని నా భయం.

ఇంతలో ఒకరోజు నీళ్ళు పోయడానికి పిల్లని కాళ్ళ మీద వేసుకున్న అత్తగారు, "ఓలమ్మ, ఓలమ్మ" అని రెండుసార్లు పిలిచింది. పరుగెత్తి వెళ్ళాను. పిల్ల నాలిక మీద తెల్లటి పూత ఉంది. ఆవిడ చెంబు పక్కన పెట్టేసి ఆ పూత నాకు చూపించింది.

"అంటీసింది. సెప్పేను కదా, ఇన్నారా ఎవరైనా?"

"ఆ పిల్ల ముద్దెట్టనే లేదు కదత్తా, ఎలా అంటుద్ది?"

"పాలల్లో దిగిపోయుంటాది."

ఇక ఊరుకోలేకపోయాను. "బండెక్కుదాం. ఇప్పుడే డాక్టరు దగ్గరికెళ్దాం," అన్నాను. పురుటి దినాలు పూర్తవకుండా బాలింత గడప దాటకూడదని అంటుందనుకున్నాను, యుద్ధానికి సిద్ధపడ్డాను కూడా. ఆవిడ లోపలికెళ్ళి ఉతికిన చీర కట్టుకుని వచ్చి, "నానూ వత్తాను" అంది. ఆ మనిషి ఎప్పుడూ లేనిది ఇలా లొంగిపోవడం చూసి నాకు కోపం పోయి ఇంకో రకం భయం పట్టుకుంది. ఆటోలో వెనక సీట్లో నలుగురం ఇరుక్కున్నాం, నాలుగో మనిషి దుప్పట్లో మూటలా.

డాక్టరమ్మ మధ్య వయసు మనిషి, తొందర లేని మనిషి. ముందు పిల్లని చూసింది. వేలికి తడి గుడ్డ చుట్టి నాలిక మీద మెల్లగా రాసింది. తెల్ల పూత గుడ్డకి వచ్చేసింది, కింద నాలిక గులాబీ రంగులో బాగానే ఉంది.

"పాలు," అంది. "ఇలా తుడిస్తే పోతే పాలే. తుడిచినా పోకుండా, బుగ్గల లోపల కూడా అట్టలు కట్టినట్టుంటే అప్పుడు తీసుకురండి."

తర్వాత మా అమ్మాయి తువ్వాలు తీయించింది. వెలుతురు వేసి చూసి, నోటి మూలలు ఎందుకు పగులుతాయో చెప్పుకొచ్చింది. నాకు అర్థమైనంత వరకు అదిలా ఉంటుంది. నోరు తెరిచిన ప్రతిసారీ లాగుడు పడేది ఆ మూలల మీదే. డ్రస్సుకి పక్కన చీలిక పెట్టినప్పుడు దాని మొదట్లో రెండు కుట్లు అదనంగా వేస్తాం. వేయకపోతే నడిచిన ప్రతిసారీ అక్కడే లాగి అక్కడే చిరుగుతుంది. ఇదీ అంతే. అక్కడ ఉమ్మి నిలిచి చర్మం నానుతుంది, నానిన చోట చీలుతుంది, చీలిన చోట మన ఒంటి మీద ఎప్పుడూ ఉండే బూజులాంటి సూక్ష్మక్రిములు చేరతాయి. పెదాలు పొడిబారినప్పుడు నాలికతో తడుపుకుంటే ఇంకా పెరుగుతుంది. ఒంట్లో రక్తం తక్కువైనా, ఐరనూ బి విటమిన్లూ చాలకపోయినా, కొందరికి షుగర్ ఉన్నా, చీలిక ఒక పట్టాన మానదు. కింద కనురెప్ప లాగి చూసి, "ఈ అమ్మాయికి రక్తం చాలా తక్కువున్నట్టుంది" అని పరీక్షకి రాసింది.

"ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?"

మా అమ్మాయి తల దించుకుంది. నేను దానికేసి చూశాను. నాకు తెలిసి రోజూ వేసుకుంటోంది. మా అత్తగారు కుర్చీలో కదిలి, "నానే ఆపీసేను" అంది. "అయి ఏసుకుంటే దొడ్డికి నల్లగా అవుతంది. లోపల మాడిపోతేనే గదా నల్లగా అవుతాది. అంత వేడి పచ్చి ఒల్లు ఏటి తట్టుకుంటాది?"

నాకు తల దిమ్మెక్కింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు, కసరలేదు. "ఆ మాత్రలు వేసుకుంటే అందరికీ అలాగే అవుతుంది మామ్మగారూ. మాడిపోవడం కాదు, ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము రంగు అది. టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. గుడ్డు, చేప, ఆకుకూర, అన్నీ పెట్టండి. నీళ్ళు దాహం వేసినన్ని తాగనివ్వండి. పాలు నీళ్ళ నుంచే వస్తాయి," అంది.

మా అమ్మాయి ఇదంతా విననట్టే ఉంది. దానికి కావలసింది ఒక్కటే. "మేడమ్, పాపకి ముద్దు పెట్టొచ్చా?" అని అడిగింది.

"పెట్టుకో. ఇది ముద్దుతో అంటుకునే జబ్బు కాదు," అంది డాక్టరమ్మ. "పెదవి మీద నీటి బుడగల్లా పొక్కులు గుంపుగా లేస్తాయి చూడు, అది వేరే. అది ఉన్నవాళ్ళెవరూ, తల్లయినా సరే, పసిపిల్ల దగ్గర మొహం పెట్టకూడదు. నువ్వు ఫోన్లో చదివింది దాని గురించి. మీ మామ్మగారి భయం కూడా ఊరికే పుట్టింది కాదు. కానీ నీకున్నది అది కాదు. చేతులు కడుక్కుంటూ ఉండు. పుండు ఆరేదాకా బుగ్గకి బదులు తల మీద పెట్టుకో."

మా అమ్మాయి అప్పటికప్పుడు పిల్ల తల మీద ముక్కు ఆనించింది. ముద్దు పెట్టిందో వాసనే చూసిందో నాకు తెలియదు. చాలాసేపు తల ఎత్తలేదు. నేను మిషను పనిలో ఉన్నట్టు చేతిసంచీ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నాను.

లేచి వచ్చేస్తుంటే డాక్టరమ్మ అత్తగారి మొహంకేసి చూసి, "మామ్మగారూ, మీవి కూడా పగిలున్నాయే" అంది. ఆవిడ గబుక్కున పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలిదాన్ని, నాదేముంది, ఎప్పుడూ ఉన్నదే అంది. పళ్ళు లేక మూలలు ముడుచుకుని తడి నిలుస్తుందని, అందుకే మానడం లేదని, అదే మందు ఆవిడకీ పనిచేస్తుందని చెప్పి, ఆవిడకి కూడా ఒక ట్యూబు రాసింది. షుగర్ పరీక్ష కూడా చేయించింది, లేదని తేలింది.

తిరిగొచ్చేటప్పుడు బెల్లం లారీల వెనక మా ఆటో ఆగిపోయింది. మా అమ్మాయి పిల్లని గుండెకి హత్తుకుని కళ్ళు మూసుకుంది. నేను ఇంటికెళ్ళాక అత్తగారితో ఎలా పోట్లాడాలో మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. మాత్రలు నాకు చెప్పకుండా ఆపినందుకు ఒకటి, తిండి మాన్పించినందుకు ఒకటి, పిల్లని ఏడిపించినందుకు ఒకటి. అప్పుడు ఆవిడ ముందున్న లారీకేసి చూస్తూనే అడిగింది.

"అయితే అప్పుడూ అంటదేటి?"

"ఎప్పుడత్తా?"

లారీ కదిలింది.

ఇంటికి చేరాక పెరటి గుమ్మంలో కూర్చుంది. నేను కాఫీ ఇస్తే పక్కన పెట్టుకుని, నన్ను కూర్చోమంది. మా ఆయన కంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టి పోయాడని నాకు తెలుసు. ఇంట్లో అంతకుమించి ఎవరూ మాట్లాడరు. ఆ రోజు ఆవిడ మాట్లాడింది.

"నాకూ పురుట్లోనే పగిలేయి, ఈ గుంటకి లాగే. మా అత్త ముద్దెట్టొద్దంది. గెంజి నీల్లూ, ఉప్పూ మిరపకాయీ, అంతే నా తిండి. అంటుకుంటాదని మొకం తిప్పుకునే పాలిచ్చేదాన్ని. ఆడు నా మొకంకేసే సూసీవోడు. మానీసాక ఎట్టుకోవచ్చులే అనుకున్నాను. మానలేదు. ఈలోగా ఆడికి జరం వచ్చింది."

కాఫీ మీద తొరక కట్టింది. ఆవిడ దాన్ని వేలితో తీసి పక్కన వేసింది.

"పోనాక ఎట్టుకోమన్నారు. అప్పుడు మా అత్తే అంది, ఎట్టుకోవే ఒక్కసారి అని. అప్పటికే సల్లగా అయిపోనాడు."

ఆటోలో పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆవిడే మళ్ళీ అంది. "ఆ తరవాత మీ ఆయనకి ఎట్టలేదు, నీ కూతురికీ ఎట్టలేదు. నోరు బాగున్నప్పుడు కూడా ఎట్టబుద్ధి కాలేదు. అంటదని ఎవులైనా అప్పుడు సెప్పుంటే..." అని ఆపేసింది. నాకు తెలిసి ఆవిడ జీవితంలో మధ్యలో ఆపేసిన మాట అదొక్కటే. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మేం అలాంటి పనులు చేసినవాళ్ళం కాదు, ఇద్దరికీ కాస్త ఇబ్బందిగానే ఉంది. అయినా వదల్లేదు.

మర్నాటి నుంచి పత్యం తిరగబడింది. గుడ్డు ఉడికింది, తోటకూర వచ్చింది. రాంబిల్లి ఆవిడని వీధి చివరి నుంచే కేకేసి పిలిచింది మా అత్తగారే. ఐరన్ మాత్ర వేసుకునే వేళకి నిమ్మకాయ కోసి పట్టుకుని నిలబడేది. అలాగని నమ్మకాలన్నీ వదిలేసిందనుకోకండి. పెరుగు మాత్రం చివరిదాకా పెట్టనివ్వలేదు. గడప దాటినందుకు దిష్టి కూడా తీసింది.

మందు రాయడం కూడా ఒక పనే. ముందు గోరువెచ్చటి నీళ్ళతో పక్కు నాననిచ్చి మెల్లగా తుడవాలి, గీకకూడదు. మెత్తటి నూలు గుడ్డతో అద్ది తడి లేకుండా ఆరనివ్వాలి. అప్పుడు ఆ ట్యూబులోంచి బియ్యపు గింజంత తీసి పల్చగా రాయాలి. నాలిక అటు పోకూడదు. నేను జాకెట్ల ముక్కల్లోంచి మెత్తటివి ఏరి, ఉతికి, ఎవరివి వాళ్ళకి వేరుగా ఉంచాను. అమ్మమ్మలూ మనవరాళ్ళూ పక్కపక్కన కూర్చుని తల దువ్వుకోవడం చూశాను గాని, మామ్మా మనవరాలూ ఒకే అద్దం ముందు నోళ్ళు తెరిచి మందు రాసుకోవడం మా ఇంట్లోనే చూశాను.

"మామ్మా, నాలిక బయటెట్టకు."

"నువ్వూ ఎట్టేవు, నాను సూసేను."

మా అమ్మాయికి తొందరగానే ఎండింది. మొదట మంట పోయింది, తర్వాత పక్కు రాలింది, గులాబీ రంగు కొత్త చర్మం వచ్చింది. నోరు బాగా తెరిచి ముద్దలు తింటోంది, తింటూ తింటూనే పిల్లతో ఊసులాడుతోంది. తువ్వాలుని నేనే తీసి పొయ్యి దగ్గర మసిగుడ్డ చేశాను. ఇప్పుడు మా అమ్మాయి పిల్లకి ముద్దులు పెడుతుంటే, చాల్లే, దాన్ని పడుకోనివ్వు అని నేనే కసరాల్సి వస్తోంది. కసిరినా నా కడుపు నిండిపోతోంది.

అత్తగారికి మాత్రం నెమ్మదిగా తగ్గింది. ముడతల్లో తడి ఆగుతూనే ఉంటుంది కదా. మా అమ్మాయి రోజూ పిల్లని తెచ్చి ఆవిడ మొహం దగ్గర పెట్టేది. "మామ్మా, ఒకటెట్టు" అనేది. ఆవిడ తల వెనక్కి లాక్కుని, "మాననీ" అనేది. అంటదని డాక్టరమ్మ చెప్పింది కదా అంటే, "సెప్పిందిలే. మాననీ" అనేది. పట్టుబట్టొద్దని మా అమ్మాయికి నేను సైగ చేశాను. ఎప్పుడైనా నేను మిషను మీంచి తలెత్తి చూస్తే, ఆవిడ గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడి, వేలితో నోటి మూల లాగి చూసుకుంటూ కనిపించేది.

సంక్రాంతి నెల గడిచి ఎండ కాస్త వెచ్చబడ్డ ఒక ఉదయం, పెరట్లో ఎప్పటిలాగే కాళ్ళు చాపుకుని కూర్చుని పిల్లకి నీళ్ళు పోసింది. నేను చెంబుతో నీళ్ళందిస్తున్నాను. మా అమ్మాయి తుండుగుడ్డ పట్టుకుని నిలబడింది. నీళ్ళయ్యాయి, ఒళ్ళు తుడిచింది, సాంబ్రాణి వేసింది. పిల్ల పొగకి తుమ్మి ఆవిడ మొహంకేసి చూసింది. ఆవిడ ఎప్పటిలాగే మెటికలు విరవడానికి రెండు చేతులూ పిల్ల మొహం చుట్టూ తిప్పింది. చేతులు కణతల దాకా వెళ్ళి ఆగాయి. పైటకొంగుతో నోటి మూలలు ఒత్తుకుని, కొంగుని చూసుకుంది. అది శుభ్రంగా ఉంది.

వంగి పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టింది. "ఇది నీకు," అంది. మళ్ళీ వంగి అక్కడే ఇంకోటి పెట్టింది, ఈసారి చాలాసేపు. తలెత్తాక, "ఇది ఆడికి" అంది.

మా అమ్మాయి తుండుగుడ్డ చాపింది. ఆవిడ పిల్లని అందులో పెట్టి, నన్ను చెయ్యందించమని లేచింది.